రాత్రి విమానంలో ఫస్ట్ క్లాస్: ఏ డబ్బుతో, ఎంత దూరం?

ప్రశ్న: వచ్చే ఏడాది మా పెళ్లై 25 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా 14 గంటల రాత్రి విమానంలో విదేశానికి వెళ్లి, పగటి విమానంలో తిరిగి రావాలనుకుంటున్నాం. మా వారికి నడుము నొప్పి ఉండడం వల్ల కూర్చుని నిద్రపోలేరు. జీవితంలో ఒక్కసారైనా ఫస్ట్ క్లాస్‌లో ప్రయాణించాలన్నది నా కోరిక. ఇద్దరికీ రానుపోను టికెట్లు ఫస్ట్ క్లాస్‌లో మా ఇంటి 7 నెలల ఖర్చంత, బిజినెస్ క్లాస్‌లో 4 నెలల ఖర్చంత, ఎకానమీలో ఒక నెల ఖర్చంత అవుతున్నాయి. అత్యవసర నిధిలో 9 నెలల ఖర్చుకు సరిపడా సొమ్ముంది. సగం అందులోంచి తీసి, మిగతా సగం క్రెడిట్ కార్డు వాయిదాల్లో కట్టవచ్చా? కార్డు పాయింట్లు కూడా కొన్ని పోగయ్యాయి. ప్రయాణానికి ఇంకా 14 నెలల సమయం ఉంది. పదేళ్లలో ఇద్దరం రిటైరవుతాం.

జవాబు: మీ కోరికను నేను తప్పుపట్టడం లేదు. పాతికేళ్లు సంసారం నడిపిన దంపతులు ఒక రాత్రి సుఖంగా ప్రయాణించాలనుకోవడం దుబారా కాదు. నా అభ్యంతరమంతా మీరు ఎంచుకున్న డబ్బు దారి మీదే. నిధిలోంచి 3.5 నెలల ఖర్చు తీస్తే అందులో 5.5 నెలలదే మిగులుతుంది. దాని పక్కనే 3.5 నెలల ఖర్చంత అప్పు నిలబడుతుంది కాబట్టి, నికరంగా మీకు మిగిలే రక్షణ 2 నెలలే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా, వాయిదాలు మాత్రం ఆగవు. పైగా వాయిదా తప్పి బాకీ కార్డు మీద పడితే, నెలకు 3 శాతం చొప్పున లెక్క వేసినా, చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. విహారయాత్రకు అత్యవసర నిధిని ముట్టుకోవడం, అప్పు చేయడం, రెండూ వద్దు.

ఇక అసలు మీరు కొంటున్నదేమిటో చూద్దాం. రాత్రి ప్రయాణంలో విలువైన సరుకు నిద్ర. పూర్తిగా బల్లపరుపుగా మారే పడక 1990ల మధ్యలో ఫస్ట్ క్లాస్ ప్రత్యేకత. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ దాన్ని బిజినెస్ క్లాస్‌లోకి తెచ్చింది. 2017లో ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్ సీటుకు మూసుకునే తలుపు కూడా పెట్టింది. అందుకే ఎకానమీ నుంచి బిజినెస్‌కు కట్టే అదనపు సొమ్ముతో మీ వారి నడుముకు పడక దొరుకుతుంది, అది నిజమైన మార్పు. అక్కడి నుంచి ఫస్ట్ క్లాస్‌కు మరో 3 నెలల ఖర్చు పెడితే దొరికేవి కాస్త వెడల్పైన పడక, మరింత ఏకాంతం, మెరుగైన భోజనం, విమానాశ్రయంలో ప్రత్యేక లాంజ్. ఎమిరేట్స్ ఏ380 విమానాల్లోనైతే ఫస్ట్ క్లాస్ వారు స్నానం కూడా చేయవచ్చు, అయితే ఒక్కొక్కరికి నీళ్లు వచ్చేది 5 నిమిషాలే. క్యాబిన్‌లోని పొడిగాలి, గమ్యంలో ఎదురయ్యే జెట్ లాగ్ (దేశాల మధ్య సమయాల తేడాతో నిద్ర తారుమారు కావడం) మాత్రం ఏ తరగతి వారికైనా తప్పవు.

గడియారం కూడా ఫస్ట్ క్లాస్‌కు అంత అనుకూలంగా ఉండదు. 14 గంటల్లో పైకి లేచి స్థిరపడడానికి, దిగే ముందు అల్పాహారానికి, సర్దుకోవడానికి కలిపి 3 గంటలు పోతాయనుకుందాం. వంటకం తర్వాత వంటకంగా వచ్చే విందుకు మరో 2 గంటలు ఇస్తే, మిగిలిన 9 గంటల్లోనే సినిమా, కబుర్లు, నిద్ర అన్నీ ఇమడాలి. ఆ సౌకర్యాలన్నీ అనుభవించాలంటే మేలుకుని ఉండాలి, డబ్బు పెట్టింది పడుకోవడానికి! (7, 8 గంటల రాత్రి విమానానికి ఫస్ట్ క్లాస్ కొనేవారి తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.)

ఆ 3 నెలల ఖర్చును రిటైర్మెంట్ నిధిలో వేసి, ధరల పెరుగుదల పోను ఏటా 4 శాతం నికర రాబడి వస్తుందనుకుంటే, పదేళ్లకు అది నేటి విలువలో దాదాపు 4.4 నెలల ఖర్చుకు సమానమవుతుంది. మీ ముందున్న పోలిక ఇదే.

నా సూచన ఏమిటంటే, వెళ్లేటప్పుడు రాత్రి విమానానికి బిజినెస్ క్లాస్, వచ్చేటప్పుడు పగటి విమానానికి ఎకానమీ తీసుకోండి. పగలు ఎలాగూ మెలకువగా ఉంటారు కాబట్టి, నడవా పక్క సీటు తీసుకుని మీ వారు అప్పుడప్పుడూ లేచి తిరిగితే సరిపోవచ్చు. మీరిచ్చిన ధరలను సగం సగం చేస్తే ఇది ఇద్దరికీ సుమారు 2.5 నెలల ఖర్చవుతుంది. రెండు విడి టికెట్లుగా కొంటే చాలా సంస్థల్లో ధర పెరుగుతుంది కనుక, ఒకే రానుపోను టికెట్టులో రెండు తరగతులు కలిపి ధర అడగండి. ఈ మొత్తాన్ని 14 నెలలకు పంచితే నెల ఖర్చులో ఐదో వంతుకు కాస్త తక్కువ పక్కన పెట్టాలి. దాన్ని వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్టుగా వేయండి. తేదీ ఖరారైన ఖర్చు కాబట్టి షేర్ల జోలికి వెళ్లవద్దు. సీటు ఎంచుకునేటప్పుడు పటం చూడండి: చాలా బిజినెస్ పడకల్లో కాళ్లు ముందు సీటు పక్కనున్న ఇరుకు గూట్లోకి దూరతాయి. కొన్ని విమానాల్లో మొదటి వరుసలో ఆ గూడు విశాలంగా ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారు అటూ ఇటూ ఒత్తిగిలడానికి ఆ తేడా బాగా పనికొస్తుంది.

ఫస్ట్ క్లాస్ కోరికకు పాయింట్లు ఒక దారి. వాటి విలువ కట్టేటప్పుడు ఫస్ట్ క్లాస్ టికెట్టు ధరను పాయింట్లతో భాగించి మురిసిపోకండి. పాయింట్లు లేకపోతే మీరు నిజంగా కొనే టికెట్టు ధరలోంచి, పాయింట్లు వాడినా కట్టక తప్పని పన్నులు, సర్‌చార్జీలు తీసేసి, ఆ మిగులును పాయింట్లతో భాగించండి. బిజినెస్ టికెట్టు నుంచి ఒక మెట్టు పైకి పాయింట్లతో మారే వీలుంటే వాడుకోండి, కానీ మరీ చౌక టికెట్లకు ఆ వీలు ఉండదు కాబట్టి కొనే ముందే అడగాలి. పాయింట్లు దాచుకోవద్దు, సంస్థలు వాటి విలువను ఎప్పుడైనా తగ్గించగలవు. వాటి కోసమని కార్డు మీద అదనంగా ఖర్చు పెట్టడం అంతకన్నా నష్టం.

చివరగా ఒక షరతు. విమానం మారిపోయి మిమ్మల్ని కింది తరగతిలో కూర్చోబెడితే డబ్బు ఎలా తిరిగిస్తారో టికెట్టు నిబంధనల్లో చదవండి. యూరప్ సమాఖ్య దేశాల నుంచి బయలుదేరే విమానాలకు వర్తించే 261/2004 నియమం ప్రకారం, మీ ప్రయాణమంత సుదూరమైతే ఆ విడత టికెట్టు ధరలో 75 శాతం వాపసు ఇవ్వాలి. అన్ని చోట్లా అంత రక్షణ ఉండదు. కాబట్టి బోర్డింగ్ పాస్‌లు, టికెట్టు రసీదు, తరగతి మార్చినట్టు సంస్థ ఇచ్చిన రాతపూర్వక సమాచారం డబ్బు తిరిగి వచ్చేదాకా భద్రంగా ఉంచుకోండి.