లాడ్జి బిల్లు ఉన్న పేజీ

తిరుపతి,
ఆదివారం పొద్దున

అమ్మణ్ణీ,

నీ కత చదివినా. మదనపల్లె టమోటా మండీలో అవ్వ పగిలిన కాయలు ఏరి కొంగులో వేసుకుంటూ, గంపలోని మంచి కాయలవైపు కన్నెత్తి చూడదే, ఆ నాలుగు వాక్యాలు బాగుండాయి. కత సంగతి అంతవరకే. నాచేత ఈ జాబు రాయిస్తా ఉండేది కతకు గుచ్చి పంపిన నీ చీటీ. 'పాత పుస్తకాలు చదివితే వాటి నీడ నా రాతమీద పడుతుంది, అందుకే చదవను సార్' అని రాసినావు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నీ కత చివర్లో అవ్వ చెప్పే నీతులున్నాయే, అవి నేను నిరుడు టీవీలో విన్నా. పెద్దోళ్ళ నీడ తప్పించుకోని పొయ్యి సీరియల్ నీడలో కూచున్నావు గదమ్మా!

నా ఇరవై రెండో ఏట బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ చేస్తాంటి. గుండ్లకు గంధం పూసుకోని, నిద్రపోయిన బిడ్డల్ని భుజాన వేసుకోని రెండింటికి, మూడింటికి జనం వస్తారు. వాళ్ళకు బిల్లు రాసిచ్చి, మళ్ళా కౌంటరు కింద కన్యాశుల్కం తెరిచేవాణ్ణి. గిరీశం మాటలకు నేను నవ్వితే బెంచీమీద పండుకున్న రూంబాయ్ ఉలిక్కిపడి లేచేవాడు. ఆ వయసులో నాకు ఆ పుస్తకమంటే గిరీశమే. నలభై ఐదో ఏట మళ్ళా తీసినా. అప్పటికి ఇంట్లో పెండ్లీడు కూతురు. పసిబిడ్డ సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కుదిర్చినందుకు తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుందే, అక్కడినుంచి ముందుకు కదల్లేకపోయినా. ఆ నుయ్యి ముందు చదివినప్పుడు ఏమైపోయింది? చాలా రోజులు అదే ఆలోచన.

ఒకసారి చదివి 'అయిపోయింది' అనే పుస్తకాలు వేరే. గురజాడకే తన నాటకం అయిపోలేదు. 1897లో అచ్చేసిందాన్ని తిరగరాసి 1909లో మళ్ళా వేసినాడు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకోని, మధురవాణి ఎంత పెరిగిందో చూడు. మధ్యలో పన్నెండేండ్లు. నువ్వు రెండు రాత్రుల్లో రాసి మూడోనాడు కొరియర్లో వేసినావు. ఫోన్లో ఐదు నిమిషాల వీడియోలో పుస్తకం కత చెప్పేవాళ్ళను నమ్ముకోవద్దు. వెంకమ్మ దూకిందని వాళ్ళూ చెప్తారు. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకుంటా ఉండారో చెప్పరు.

సంపాదకులనూ నమ్మొద్దు. 'ఈ చిత్తూరు యాస ఎవరికి అర్థమవుతుంది' అని ఒకాయన నా కత తిప్పి పంపినాడు. ఏడేండ్లకు ఆయనే, 'మీ మాండలికంలో ఏదైనా ఇవ్వండి, ఇప్పుడదే నడుస్తోంది' అని కార్డు రాసినాడు. అదే కత, అవే కాయితాలు పంపినా. వేసుకున్నాడు. పారితోషికం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

పుస్తకం ఎప్పుడు వేసుకోవాలని అడిగినావు. అన్నమయ్య పోయింది 1503లో. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు కొండమీద అరలోంచి బయటికొచ్చింది 1922లో. నీకేం తొందర?

ఈసారి తిరుపతికొస్తే ఇంటికి రా. కన్యాశుల్కం నా ప్రతే ఇస్తా. అట్ట ఊడింది, దారం కట్టినా. లోపల ఒక లాడ్జి బిల్లు ఉంటుంది, దాన్ని తీసెయ్యొద్దు. వెంకమ్మ దూకే పేజీలోనే ఉంది అది. ఆ రాత్రి ఎవరో రూమడిగితే అక్కడ పెట్టి లేచినట్టుండా. తిరిగొచ్చి కూచున్నాక తర్వాతి పేజీ నుంచి చదువుకోని పోయినట్టుండా.

మీ సారు