చేతికి తెలిసింది రాయండి: ఒక యువ రచయితకు లేఖ

యువ మిత్రులకు,

నమస్కారం. సినిమా చరిత్ర మ్యూజియం మీద మీరు పంపిన వ్యాసం చదివాను. కలం పేరు పెట్టుకోవడం గురించీ, వ్యాసాలను పుస్తకంగా తేవడం గురించీ మీరడిగిన ప్రశ్నలూ చూశాను. అయితే మీ వ్యాసం రెండో పేజీలో ఒక పేరా దగ్గర నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద ఉత్తరం రాయిస్తున్నది ఆ కోపమే.

లోపలి గోడ చుట్టూ బొమ్మల పట్టీ ఉంచి తిప్పే జొయెట్రోప్ దగ్గర ఏం జరిగిందో మీరు రాశారు. ఆ గుండ్రని డబ్బాను తిప్పి, తొందరలో దాని గోడకున్న సన్నని సందుల్లోంచి కాకుండా పై అంచు మీదుగా లోపలికి తొంగి చూశారు. బొమ్మలన్నీ కలిసిపోయి బూడిదరంగు చారలా కనిపించాయి. పక్కనున్న ఒక పాప మీ మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. వంగి సందులకు ఎదురుగా కన్ను పెట్టేసరికి గుర్రం పరుగెత్తింది. ఇంతవరకు బాగుంది. మరుసటి వాక్యంలోనే మీరు గోడమీది పలకలో ఉన్న మాటలు దించేశారు: చూసిన దృశ్యం కంటిపొర మీద కొద్దిసేపు నిలిచి ఉంటుందనీ, ఆ నిలకడ వల్లనే బొమ్మలు కదిలినట్టు కనిపిస్తాయనీ.

ఆ వివరణ చాలదని మీ కన్ను అంతకు క్షణం ముందే మీకు చూపించింది. బొమ్మలు కంటిలో నిలిచిపోయి ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందో మీరు పై అంచు మీదుగా చూడనే చూశారు. అలా పడితే చార అవుతుంది గాని పరుగు కాదు. సందు చేసే పని వేరు. అది ఒక్కొక్క బొమ్మను రెప్పపాటు చూపించి, వెంటనే డబ్బా నల్లటి గోడతో కప్పేసి, దాదాపు అదే చోట తరువాతి బొమ్మను చూపిస్తుంది. ఆ విడివిడి చూపులను కదలికగా గ్రహించేది మెదడు. రెండు గీతలను తగిన వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే మనిషికి ఒకే గీత కదిలినట్టు తోస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వర్ట్‌హైమర్ 1912లో ప్రచురించిన ప్రయోగాలతో నిరూపించాడు. అది జరిగి వందేళ్లు దాటినా పాత వివరణే పలకల మీద, పాఠ్యపుస్తకాల్లో తిరుగుతూ ఉంది. మీకు వర్ట్‌హైమర్ తెలియకపోవడం నాకు లెక్కలోది కాదు. మీ చేత్తో తిప్పి, మీ కంటితో చూసిన దాన్ని పక్కన పెట్టి, ఎవరో రాసి మేకుకొట్టిన వాక్యానికి పెద్దపీట వేయడమే నన్ను బాధించింది. ముట్టుకుని చూడమని చెప్పే మ్యూజియం గురించి రాసేవారికి మొదటి ఆధారం చెయ్యి, తరువాత కన్ను, ఆ తరువాతే పలక. ఈ వరుస తప్పితే అక్కడిదాకా వెళ్లడమే అనవసరం, ఆ పలకలు ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు.

ఆ తరువాత మీరు ప్రొజెక్టర్ గదికి వెళ్లారు. పాత 35 ఎంఎం ప్రొజెక్టరును లోపలి భాగాలు కనబడేలా విప్పి పెట్టారనీ, పిడి తిప్పితే ఫిల్మ్ కదిలిందనీ ఒక్క ముక్కలో చెప్పి, ఆ యంత్రం ముందు కాలం ఆగిపోయినట్టనిపించిందని ముగించారు. కాలం మాట అటుంచండి, అక్కడ నిజంగా ఆగింది ఫిల్మ్. మీరు పిడి తిప్పుతుంటే ఒక పిన్ను గుండ్రంగా తిరుగుతూ, నాలుగు గాడులున్న శిలువ ఆకారపు చక్రాన్ని చుట్టుకొకసారి పావు వంతు తోస్తుంది. మాల్టీస్ క్రాస్ అనేది దాన్నే. ఆ తోపుకు ఫిల్మ్ నాలుగు రంధ్రాల మేర, అంటే సరిగ్గా ఒక్క ఫ్రేము, కిందికి జరిగి నిలబడుతుంది. జరుగుతున్నంతసేపూ షట్టరు రెక్క వెలుగును కప్పి ఉంచుతుంది, నిలబడిన ఫ్రేము మీద కూడా మరొకసారి కప్పి తెరుస్తుంది. అందుకే సెకనుకు 24 ఫ్రేములు నడిచినా తెరమీద వెలుగు 48 సార్లు పడుతుంది, మినుకు మినుకుమనడం మన కంటికి తెలియదు. అంటే ఫిల్మ్ నడిచే హాల్లో కూర్చున్నవాళ్లు దాదాపు సగం సేపు చూసేది చీకటి తెరనే. జొయెట్రోప్‌లో రెండు సందుల నడుమ ఉన్న నల్లటి గోడ చేసిన పనినే ఇక్కడ షట్టరు రెక్క చేస్తోంది. ఆ రెండు యంత్రాలనూ ఒకే రోజున, ఒకే చేత్తో తిప్పారు మీరు. రెండింటినీ కలిపే వాక్యం మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

చరిత్ర భాగం గురించి క్లుప్తంగా చెబుతాను. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు సినిమాను కనిపెట్టారని రాశారు. ఆ రోజు వాళ్లు చేసింది ప్యారిస్‌లోని గ్రాండ్ కెఫేలో టికెట్టు కొన్న జనానికి బొమ్మలు వేసి చూపించడం. అంతకుముందే 1832లో జోసెఫ్ ప్లాటో బొమ్మలు కదిలినట్టు చూపే తిరిగే పళ్లెం చేశాడు, 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ గుర్రం పరుగును వరసగా పెట్టిన కెమెరాలతో పట్టాడు, 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త మారే సెకనుకు 12 చిత్రాలు తీసే తుపాకీ ఆకారపు కెమెరా చేశాడు. ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ రూపొందించిన కైనెటోస్కోప్ 1894లో జనం ముందుకు వచ్చింది. అందులో ఒక్కరే వంగి చూడాలి, దాని షట్టరుకూ సన్నని సందే. 1892 అక్టోబరులో ప్యారిస్‌లోనే ఎమీల్ రేనో చేత్తో వేసిన రంగు బొమ్మల పట్టీలను తెరమీద నడిపించాడు. సినిమా వచ్చాక ఆయన ప్రదర్శనలకు ఆదరణ పోయింది, చివరికి తన పట్టీల్లో చాలా భాగాన్ని సేన్ నదిలో పారేశాడు. తిరిగే బొమ్మలను నడిమి అద్దాల్లో చూపించే ఆయన ప్రాక్సినోస్కోప్ ముందు మీరు ఫొటో దిగారు కదా, ఆయన పేరు మాత్రం రాయలేదు. లూమియేర్ యంత్రం విషయానికొస్తే, దాని పిడిని సెకనుకు రెండు చుట్లు తిప్పాలి, చుట్టుకు 8 ఫ్రేములు, మొత్తం 16. సుమారు 17 మీటర్ల ఫిల్మును 50 సెకన్లపాటు ఆ లయ చెడకుండా తిప్పే మనిషి భుజం సంగతి ఆలోచించండి. నమూనా యంత్రాన్ని మీరూ తిప్పారు. ఎక్కడ వేగం తప్పింది? తప్పినప్పుడు తెరమీది మనిషి నడక ఏమైంది? అది మీకు మాత్రమే తెలిసిన సంగతి, నేను చదవాలనుకున్నదీ అదే.

ఈ పట్టుదల నాకు ఎక్కడ అబ్బిందో చెప్పాలి. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సినిమా హాలు ఆపరేటరు దయతలచి నన్ను ప్రొజెక్టర్ క్యాబిన్‌లో కూర్చోనిచ్చాడు. వెలుగు తగ్గకుండా, దీపంగా మండే రెండు కార్బన్ కడ్డీల మధ్య ఎడాన్ని ఎలా సరిచేయాలో, 2,000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోయేలోగా రెండో మెషీను ఎలా సిద్ధం చేయాలో, తెర కుడి పైమూలన చుక్క పడగానే ఎలా మార్చాలో చూపించాడు. అన్నిటికన్నా ముందు నేర్పింది లూప్ వదలడం. ఎడతెగకుండా తిరిగే పళ్ల చక్రానికీ, ఫిల్మ్ వెలుగుకు ఎదురుగా ఆగి ఆగి కదిలే గేటుకూ మధ్య ఫిల్మును వదులుగా మడిచి ఉంచకపోతే అది తెగిపోతుంది. ఆ మడత ఎంత ఉండాలో ఆయన కొలిచి చెప్పలేదు, నా వేలు పట్టుకుని దాని కింద పెట్టించాడు. దాని గురించి నేను రాసిన వ్యాసాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు సగానికి కోసి, పాఠకులకు యంత్రాలు అక్కర్లేదు, అనుభూతి కావాలన్నాడు. లూప్ ఉన్న పేరా పోయింది, దాని స్థానంలో ఆ రోజులే వేరు అనే ధోరణిలో నాలుగు వాక్యాలు నా పేరు కింద అచ్చయ్యాయి. ఆ సంపాదకుడిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈనాటి పత్రికల్లో సినిమా గతం మీద వచ్చే రచనల్లో నూటికి తొంభై ఆ నాలుగు వాక్యాలే. బెంగ పడటానికి కూడా ముందు వస్తువు తెలిసి ఉండాలి. మీ వ్యాసంలో మొదటి పేజీ అంతా అలాంటి బెంగే కాబట్టి, దాన్ని మొత్తంగా తీసేయమంటున్నాను.

శబ్దాల గదికి మీరు కేటాయించింది రెండు వాక్యాలు, సరదాగా ఉందన్నది అందులో ఒకటి. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కల చప్పుడు చేశానన్నారు. ఇసుక మీద కొట్టారా, చెక్క మీద కొట్టారా? రెండు చేతులూ ఒకేసారి పడ్డాయా, వెనకా ముందుగానా? మొక్కజొన్న పిండి నింపిన సంచిని నొక్కితే మంచులో అడుగు పడిన చప్పుడొస్తుంది, అది అక్కడ ఉంటే నొక్కి చూశారా? పక్క బల్ల మీద సౌండ్ ట్రాక్, అంటే అంచు వెంట ముద్రించిన శబ్దపు చార, ఉన్న ఫిల్మ్ ముక్క కూడా ఉందని రాశారు. ఆ ముక్కలో బొమ్మ పక్కనున్న శబ్దం ఆ బొమ్మది కాదు. గేటు దగ్గర ఫిల్మ్ ఆగి ఆగి నడుస్తుంది, శబ్దం చదివే చోట మాత్రం కుదుపు లేకుండా సాగాలి కాబట్టి, శబ్దాన్ని బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు. ఈసారి దాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని, పెదవులు విడివడిన ఫ్రేము దగ్గర వేలు పెట్టి, ఆ మాట ఎక్కడుందో లెక్కపెట్టి వెతకండి.

మళ్లీ వెళ్లినప్పుడు ఫోను సంచిలోనే ఉండనివ్వండి. పలకలు చదవడం ఆఖరికి పెట్టుకోండి. ముందుగా శబ్దాల గది పేరా ఒక్కటీ తిరగరాసి పంపితే, మిగిలిన భాగాల సంగతి అది చూశాక రాస్తాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి