బల్బు కొనే ముందు: రాత్రిపూట బండి మీద తిరిగే అల్లుడికి

చిరంజీవి సురేష్‌కి మామ ఆశీస్సులు.

మైపాడు రోడ్డులో రాత్రిపూట ఏమీ కనపడటం లేదు, ఎల్‌ఈడీ బల్బు వేయిస్తానని ఫోన్‌లో చెప్పావు. తెల్లవారుజామున రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ పడిపోయే వేళకి, నీళ్లు చిలికి గాలి అందించే ఏరేటర్ల దగ్గర ఉండాల్సినవాడివి, రాత్రి ప్రయాణం మానుకోమని నేననను. కానీ కొత్త బల్బు కొనకముందు, ఇప్పుడున్న వెలుగు ఎక్కడ పోతోందో చూడు అబయా.

ముందు హెడ్‌లైటు డూమ్ విప్పి బల్బు హోల్డర్ బయటికి లాగు. రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండి కదా, ఉప్పుగాలికి ఆ పిన్నుల మీద పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. దాన్ని గీకి శుభ్రం చేయించు. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బల్బు వెలుగుతుండగానే బ్యాటరీ దగ్గరొకసారి, హోల్డర్ దగ్గరొకసారి ఓల్టు మీటరు పెట్టి చూడమను మెకానిక్‌ని. బల్బుకి అందే ఓల్టేజీ పదోవంతు తగ్గిందంటే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. చాలా బళ్లలో హెడ్‌లైట్ కరెంటంతా సన్నటి వైర్లలో హ్యాండిల్ స్విచ్చి చుట్టూ తిరిగొస్తుంది. అందుకే రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే చిన్న డబ్బా, పెట్టించమంటాను. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే మీదుగా బల్బుకి. స్విచ్చి పని రిలేని ఆన్ చెయ్యడమే. ఏ ఖరీదైన బల్బు కంటే కూడా నేను దీన్నే ముందు చేయిస్తాను. ఒకవేళ యాక్సిలేటర్ తిప్పితే లైటు పెరిగి, వదిలితే బాగా కుంగుతుంటే మాత్రం అది ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ నుంచి నేరుగా వెలిగే ఏసీ కరెంటు రకం. దానికి ఊరికే బ్యాటరీ నుంచి లైను లాగితే బ్యాటరీ దిగిపోతుంది, ఆ పని చేయించొద్దు.

మామూలు బళ్లలో ఉండేది 35/35 వాట్ల హాలోజన్, అంటే బ్రైట్‌కి 35, డిమ్‌కి 35. దాని చోట 60/55 వేస్తే కరెంటు ఒకటిన్నర రెట్లకి పైగా లాగి, ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోవచ్చు. ఎల్‌ఈడీ సంగతి వేరు. డూమ్ లోపలి వంపు హాలోజన్ ఫిలమెంటు ఉండే చోటుకి లెక్కగట్టి చేసింది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా, డిమ్‌లో పెట్టినా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ఆ ఇరుకు రోడ్డులో కళ్లు చెదిరిన ఆటోవాడు వచ్చేది నీ మీదికే కదరా! పైగా అలా పైకి చిమ్మే వెలుగు ధనుర్మాసం మంచులో తెరలా అడ్డం నిలబడుతుంది.

ఫోకస్ సరిచేయడం డబ్బుల్లేని పని, అందుకే ఎవరూ చెయ్యరు. సమంగా ఉన్న నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టి, స్టాండు తీసి నువ్వు ఎక్కి కూర్చో. డిమ్ వెలుగు పై అంచు, డూమ్ మధ్య ఎత్తు కంటే మూడంగుళాలు కిందకి పడాలి. వెనక బస్తా ఎక్కితే ముందుభాగం లేస్తుంది, లైటు చెట్ల కొమ్మల్లోకి పోతుంది.

ఇంత చేసినా స్పీడు 40 దాటించొద్దు. 60లో పోతే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతావు. రోడ్డు మధ్య పడుకున్న నల్ల గేదె డిమ్ లైటులో కనపడి, నీ చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే దాని దగ్గర ఉంటావు.

వెనక సంగతి మర్చిపోకు. హైవే ఎక్కి కోవూరు వైపు పోతావు, కృష్ణపట్నం పోర్టు లారీలూ తిరుగుతుంటాయి. టెయిల్ లైటు తుడువు, రెండు బ్రేకులకీ లైటు వెలుగుతోందా చూడు, మడ్‌గార్డుకీ హెల్మెట్ వెనకా ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించు. హెల్మెట్‌కి నల్ల వైజర్ (ముందు అద్దం) రాత్రి వద్దు, గీతలు పడింది ఉంటే మార్చెయ్.

ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు మేత బస్తా వెనక కట్టుకునే రా. ఆ బరువు మీదే ఫోకస్ సరిచేద్దాం.

మీ మామ