కేరల్స్ లిస్టులో లేని ఇళ్లు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నేను మా సంఘం యూత్ సెక్రటరీని. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఈ ఆగమన కాలంలో ఇంటింటికీ వెళ్లి కేరల్స్ (క్రిస్మస్ పాటలు) పాడటానికి 62 ఇళ్ల లిస్టు రాశాం. ఊరి చివర కుష్టు వ్యాధి నయమైనవాళ్లు ఉండే కాలనీని ఎప్పటిలాగే వదిలేశాం. అక్కడ కానుకలు రావని కొందరు అన్నారు. అంటుకుంటుందేమోనని ఇంకొందరి భయం. బియ్యం ప్యాకెట్లు పంపిస్తే సరిపోదా అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: బాబూ, నీ మనసు చెప్పేదే విను. ఆ లిస్టు మళ్లీ రాయండి, కాలనీని మొదట పెట్టండి.

ముందు భయం సంగతి. నేను 31 ఏళ్లు ఒక మిషన్ ఆసుపత్రిలో కుష్టు వార్డు నర్సుగా చేశాను. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఇవే చేతులతో నా పిల్లలకు అన్నం కలిపి పెట్టాను. ఈ జబ్బుకి మందు 6 నెలలు, కొందరికి 12 నెలలు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అంటుకునే గుణం పోతుంది. కాలనీలో ఉన్నవాళ్లు ఎప్పుడో నయమైనవాళ్లే. వాళ్ల వేళ్లు వంకరపోయింది నరాలు దెబ్బతినడం వల్ల. దానికి మీరు భయపడాల్సింది ఏమీ లేదు.

ఆగమన ఆదివారాల్లో గుడిలో నాలుగు కొవ్వొత్తులు గుండ్రంగా పెట్టి వారానికొకటి వెలిగిస్తాం కదా, అది ఎక్కడ పుట్టిందో మీ యూత్‌కి చెప్పు. జర్మనీలోని హాంబర్గ్‌లో విఖెర్న్ అనే లూథరన్ పాస్టరుగారు 1833లో దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఆయన ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టారు. ఆదివారాలకు నాలుగు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. ఎవరూ లేని పిల్లలు రోజులు లెక్కపెట్టుకోవడానికి చేసిన చక్రం అది. ఈ రోజు మన గుడిలో అది వెలుగుతుంటే ఊరి చివరివాళ్లు లిస్టులో లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఒక సంగతి చెప్తాను. ఒక డిసెంబరులో మా వార్డులో ఆరాధన పెట్టి అందరి చేతికీ కొవ్వొత్తి ఇచ్చాం. ముందు వరుసలో ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని గొంతెత్తి పాడుతోంది. మైనం కరిగి ఆమె వేళ్ల మీద పడుతోంది. ఒక చుక్క, ఇంకో చుక్క. స్పర్శ లేదు కాబట్టి ఆమెకు తెలియడం లేదు. నేను చూసి పరుగెత్తేసరికి బొటనవేలు బొబ్బెక్కింది. "పాట అవ్వనీ అమ్మా" అంది. ఆ కొవ్వొత్తి ఇచ్చింది నేనే. నర్సునై ఉండి ఆ మాత్రం ఆలోచించలేదే అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే చెప్తున్నా, అక్కడ కొవ్వొత్తులు చేతికివ్వకండి, గట్టు మీద పెట్టండి. టీ పోస్తే కాస్త చల్లారనిచ్చి ఇవ్వండి, స్టీలు గ్లాసు అస్సలు వద్దు. బియ్యం పంపడం మంచిదే, కానీ ఆటోలో దింపేసి ఫొటో తీసుకుని వచ్చేయకండి. చాప వేస్తే కూర్చోండి. వాళ్లు పెట్టింది తినండి. ఏ పాట కావాలో వాళ్లనే అడగండి, పాత పాటలు మీకన్నా వాళ్లకే బాగా వచ్చు. పెద్దవాళ్ల చెప్పులు ఒకసారి చూడండి. స్పర్శ లేని పాదాలకు ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఉండాలి. అరిగిపోయి ఉంటే ప్రభుత్వాసుపత్రిలో అడిగి ఇప్పించండి, వాటికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఇంకొక్క మాట. వస్తున్నామని ముందు రోజే కబురు చేసి, టైమ్ చెప్పండి. ఆరింటికి అంటే ఆరింటికే వెళ్లండి. కేరల్స్ బృందం ఎంత ఆలస్యం చేస్తుందో నాకు తెలుసు. వాళ్లు మాత్రం మధ్యాహ్నమే స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంటారు.