ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు మారేవారు నలభై వేలలో ఏ ఫోన్ కొనాలి?

ఐఫోన్ 11 వాడుతున్న మీరు నలభై వేలకు అటూ ఇటూగా ఒక ఆండ్రాయిడ్ ఫోన్ కొనాలనుకుంటున్నారు; కెమెరా, ప్రాసెసర్ పరంగా ఏది మేలని అడిగారు. నలభై రెండు వేల లోపయితే సామ్‌సంగ్ గెలాక్సీ ఏ56, ఇంకో ఎనిమిది వేలు పెట్టగలిగితే గూగుల్ పిక్సెల్ 9ఏ తీసుకోండి. 2025లో విడుదలైనప్పుడు వీటి ధరలు 41,999, 49,999 రూపాయలు. పండుగ అమ్మకాల్లో ఇంకా తగ్గుతాయి.

అయితే ఈ రెండింటినీ నేను కెమెరా చూసి ఎంచలేదు. ఈ ధరలో పేరున్న ఏ కంపెనీ ఫోనయినా పగటి వెలుతురులో చక్కటి ఫొటోలే తీస్తుంది, రోజువారీ పనులకు ఏ ప్రాసెసరూ చాలకపోవడం ఉండదు. చూడవలసింది కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తానని మాట ఇచ్చిందనేది. 2019లో వచ్చిన మీ ఐఫోన్ 11కు 2025లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 కూడా అందింది. ఆ అలవాటులో ఉన్నవారు మూడేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయే ఫోన్ కొంటే తప్పకుండా బాధపడతారు. ఏ56కు ఆరేళ్లు, పిక్సెల్ 9ఏకు ఏడేళ్లు ఇస్తామని ఆయా కంపెనీలు ప్రకటించాయి. ఆ తరువాత చూడవలసింది మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా అన్నది. జిల్లా కేంద్రాల్లో ఉండేవారికి నేను సామ్‌సంగ్ వైపు మొగ్గమని చెప్పేది అందుకే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మీరు అడగలేదు. పాత ఫోన్‌లో ఉన్నది కొత్తదానిలోకి ఎలా వస్తుంది? మా అక్క గుంటూరులో మగ్గం వర్కు బ్లౌజులు కుట్టిస్తుంది. ఆమె వ్యాపారమంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది. కొలతలు రాసిన నోటు పుస్తకం పేజీల ఫొటోలు, ఏ చేతికి ఏ డిజైనో చూపే బొమ్మలు, 'శుక్రవారం నాటికి కచ్చితంగా కావాలక్కా' అన్న వాయిస్ మెసేజ్‌లు, అన్నీ అందులోనే. రెండేళ్ల కిందట ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్ కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు స్క్రీన్ గార్డు అంటించి, 'అంతా మేమే సెట్ చేసి ఇస్తాం మేడమ్' అని సిమ్ మార్చి, ఓటీపీ కొట్టి వాట్సాప్ తెరిచి ఇచ్చాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే చాట్లు ఒక్కటీ లేవు. దుకాణానికి ఫోన్ చేస్తే, ఆపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లో బ్యాకప్ ఉంటే దానంతట అదే వస్తుందని నమ్మకంగా చెప్పారు. అది ఎప్పటికీ రాదు. ఐక్లౌడ్‌లో దాచిన వాట్సాప్ బ్యాకప్‌ను ఆండ్రాయిడ్ చదవలేదు, గూగుల్ ఖాతాలో దాచినదాన్ని ఐఫోన్ చదవలేదు.

ఐఫోన్ చాట్లను ఆండ్రాయిడ్‌కు తరలించే సౌకర్యాన్ని వాట్సాప్ 2021లో తెచ్చింది. దానికి కొత్త ఫోన్ అప్పుడే పెట్టెలోంచి తీసినదై ఉండాలి, లేదా అందులో ఉన్నదంతా చెరిపేసి ఫ్యాక్టరీ రీసెట్ చేసినదై ఉండాలి. పాత ఐఫోన్లకయితే ఒక చివర లైట్నింగ్ (పాత ఐఫోన్ల ఛార్జింగ్ పిన్ను), మరో చివర టైప్-సి ఉన్న కేబుల్ కావాలి. కొత్త ఫోన్ పెట్టెలో వచ్చేది ఇందుకు పనికిరాదు. నేను ఆ కేబుల్ తీసుకెళ్లి, ముందు అక్క నంబరును తిరిగి ఐఫోన్‌లోని వాట్సాప్‌లో నమోదు చేసి, కొత్త ఫోన్‌ను రీసెట్ చేసి, సెటప్ మధ్యలో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఐఫోన్‌తో స్కాన్ చేశాను. తరలింపు జరుగుతున్నంతసేపూ ఐఫోన్ స్క్రీన్ ఆరిపోకుండా అక్క దాన్ని వేలితో తడుతూ కూర్చుంది. కొలతలన్నీ వచ్చాయి. ఈలోగా కొత్త ఫోన్‌కు వచ్చిన ఆర్డర్లు మాత్రం రీసెట్‌తో పోయాయి; ఆమె ఖాతాదారులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ అడిగింది. కొనేవారి వాట్సాప్‌లో ఏముందో అడగకుండా ఓటీపీ కొట్టేయడం సేవ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యూపీఐ సంగతి కూడా ముందే ఆలోచించుకోండి. కొత్త ఫోన్‌లో నమోదు చేసుకున్నాక మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపనివ్వని బ్యాంకులున్నాయి, కాబట్టి అద్దె, ఫీజులు కట్టే రోజున మారకండి. సిమ్ తీసేముందు ఐఫోన్‌లో ఆపిల్ సొంత సందేశాల సేవ ఐమెసేజ్‌ను ఆపేయండి. లేకపోతే ఐఫోన్లున్న మీవాళ్లు పంపే సందేశాలు మీకు చేరకుండా పోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉండి ఫేస్‌టైమ్‌కు అలవాటుపడి ఉంటే వారికీ ముందే చెప్పండి. ఆండ్రాయిడ్ నుంచి ఫేస్‌టైమ్ కాల్ మొదలుపెట్టలేము, అవతలివారు లింకు పంపితే బ్రౌజర్‌లో చేరగలం, అంతే.

యూట్యూబ్ రివ్యూలను నమ్ముకుని కొనేవారికి ఒక మాట. గేమ్ ఎన్ని ఫ్రేముల్లో ఆడుతుందో గంటసేపు చెప్పేవారు తెలుగులో టైప్ చేయడం ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పరు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి, ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చాకే అది సర్దుకుంది. మన లిపిని ఎవరూ పరీక్షించకపోతే ఇలాగే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో మీకు ఆ చింత తక్కువ. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచీ ఉంది, మా అక్క ఇప్పుడు ఆర్డర్లన్నీ మాట్లాడే రాస్తుంది.

చివరగా, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌కు ఆశపడకండి. ఆన్‌లైన్‌లో ఎక్స్‌ఛేంజ్ పెడితే కొత్త ఫోన్ తెచ్చిన మనిషి గుమ్మంలోనే పాతది తీసుకుని వెళ్లిపోతాడు, చాట్లు తరలించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. నాలుగైదు వేలు తక్కువ వచ్చినా సరే, కనీసం నెలపాటు ఐఫోన్‌ను ఇంట్లో ఉంచుకుని, ఫొటోలూ కాంటాక్టులూ అన్నీ వచ్చాయని చూసుకున్నాకే అమ్మండి. అమ్మే ముందు ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఆగిందో లేదో చూసుకోండి. అది ఆగకపోతే కొన్నవారు ఆ ఫోన్‌ను వాడుకోలేరు.