రాజశేఖరాన్ని చూసి నవ్వకురా శీనూ

ఒరేయ్ శీనూ,

నీ వాట్సాప్ మెసేజ్ చూశా. కోడలుపిల్ల పుట్టింటి నుంచి సంచీడు పాత నవలలు తెచ్చుకుని రాత్రి పన్నెండింటిదాకా లైటు ఆర్పకుండా చదువుతోందనీ, అంత ఏముందా అని నువ్వూ యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' పట్టుకుని ముప్పై పేజీలకే పక్కన పడేశాననీ రాశావు. "అందగాడు, డబ్బు, కారు, ఇదేం గోల పిన్నీ, నువ్వు బుచ్చిబాబునీ రావిశాస్త్రినీ అంత ఇష్టంగా చదువుతావు కదా, మళ్ళీ ఇవి ఎలా చదువుతావు" అని అడిగావు. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో వాదనకి దిగుతావు కాబట్టి రాస్తున్నా, పూర్తిగా చదివాక తిట్టు.

ముందు ఒక మాట. నువ్వు ఆ ముప్పై పేజీలూ చదవలేదురా, ఎర్ర పెన్ను పట్టుకుని పేపర్ దిద్దావు. ఇక్కడ శైలి లేదు, ఇక్కడ వాస్తవికత లేదు, ఇక్కడ పాత్రకి లోతు లేదు అని మార్కులు కొట్టేసుకుంటూ పోయావు. నేనూ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్నే, ఆ రోగం నాకు తెలీనిది కాదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివేటప్పుడు నువ్వు ఏం అడుగుతావు, ఈ మనిషి మనసులో ఏం జరుగుతోంది అని అడుగుతావు, అది సరైన ప్రశ్నే, ఆ పుస్తకం దానికి సమాధానం ఇవ్వడానికే పుట్టింది. కానీ యద్దనపూడి నవల ఇంకో ప్రశ్న కోసం రాసింది. తర్వాతేమైంది? అంతే. ఇది చిన్న ప్రశ్న అనుకుంటున్నావేమో, ఒక మనిషి చేత నెలరోజుల పాటు ఇదే ప్రశ్న వేయించుకోవడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది.

ఎందుకంటే అవి నువ్వు చదివినట్టు ఒక్క బిగిన చదవడానికి రాసినవి కావు. 'సెక్రటరీ' అరవైల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, నెలకి కాస్త. తర్వాత పుస్తకం, 1976లో సినిమా. యండమూరి చేతబడి నవల 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో వారం వారం వచ్చింది. మా ఇంట్లో ఆ వారపత్రిక వస్తే ముందు ఎవరు చదవాలని మీ అమ్మకీ నాకూ ప్రతివారం కొట్లాటే, మీ తాతగారు ఇవేం చదువులే అని మమ్మల్ని తిడుతూనే మేం కాలేజీకి వెళ్ళాక ఆయన చదివేవారని మీ అమ్మమ్మ చెప్పేది.

నా దగ్గర ఇప్పటికీ ఒక బైండు ఉంది చూడు, వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండింగ్ వాడికిచ్చి కుట్టించింది. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే ఇది. అది తిరగేస్తే నీకు ఇట్టే అర్థమైపోతుంది. ప్రతి వారం మొదట్లో నాలుగు లైన్లు 'జరిగిన కథ', ఆ తర్వాత హీరోయిన్ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, పోయినవారం అక్కడే వదిలేశారు కాబట్టి. ఎవరో తలుపు తీస్తారు, నాలుగు కాలమ్‌ల కథ నడుస్తుంది, సరిగ్గా ఉత్తరం చించబోయేసరికి పేజీ అడుగున 'సశేషం'. వెనక్కి తిప్పితే సబ్బు ప్రకటన. నువ్వు పుస్తకంలో చదువుతూ "ఇదే విషయం మళ్ళీ చెప్తుందేంటి, ఈమె కళ్ళు ఇన్నిసార్లు వర్ణించాలా" అని విసుక్కున్న చోట్లు ఉన్నాయే, వాటిల్లో చాలా భాగం ఆ కుట్లు పడిన చోట్లే. వారం గడిచింది, మధ్యలో పెళ్ళిళ్ళూ జ్వరాలూ పరీక్షలూ అన్నీ అయ్యాయి, పాఠకురాలికి మళ్ళీ గుర్తుచెయ్యాలి కదా. పుస్తకం వేసేటప్పుడు ఆ కుట్లు ఎవరూ పెద్దగా సరిచెయ్యరు, అలాగే వచ్చేస్తాయి.

అందుకని నేను చెప్పే మొదటి ఉపాయం, ఒక్క రోజులో చదివెయ్యకు. రాత్రికి రెండు చాప్టర్లు, అంతే, ఎంత బుద్ధి పుట్టినా మూసెయ్. మర్నాడు ఆఫీసు బస్సులో ఆ పిల్ల ఉత్తరం చించిందా లేదా అని నీ బుర్రలో తిరుగుతోందంటే పుస్తకం తన పని తాను చేస్తోందన్నమాట. తిరగట్లేదా, ఆ పుస్తకం నీకు పనికిరాదు, ఇంకోటి తీసుకో, మొహమాటం ఏం అక్కర్లేదు. క్లాసిక్ అయితే నచ్చకపోయినా పళ్ళబిగువున పూర్తి చేస్తాం, ఏదో ఒరుగుతుందని. పాపులర్ నవలకి ఆ మర్యాద ఇవ్వక్కర్లా, యాభై పేజీల్లో పట్టుకోకపోతే తప్పు దానిదే.

రెండోది, నువ్వు చూడాల్సింది హీరోని కాదురా. రాజశేఖరం ఎత్తూ, కారూ, ఆస్తీ చూసి నువ్వు నవ్వావు, సరే నవ్వదగినవే. కానీ కథ నడిపేది అతను కాదు, జయంతి. డబ్బు లేని పిల్ల, ఉద్యోగం చేసుకుంటోంది, అన్నీ ఉన్నవాడు ఎదురుగా నిలబడితే తన ఆత్మాభిమానం ఎక్కడ పెట్టుకోవాలి అన్నదే అసలు గొడవ. అరవైల్లో ఉద్యోగానికి గడప దాటుతున్న అమ్మాయిలకి అది కాలక్షేపం కాదు, రోజూ పడే గుంజాటనే, కాకపోతే యద్దనపూడి దానికి పట్టుచీర కట్టింది. అతను ఒక మాట అన్నప్పుడల్లా అతన్ని వదిలేసి ఆ అమ్మాయి ఏం లెక్క వేసుకుంటోందో చూడు, అప్పుడు మళ్ళీ ఆ ముప్పై పేజీలు చదివి చెప్పు. అప్పట్లో రచయిత్రుల నవలలకి ఎంత గిరాకీ అంటే మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్ళు. బీనాదేవి అయితే భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన పేరు, అది వేరే కథ, వాళ్ళని నువ్వు ఎలాగూ ఒప్పుకుంటావు.

ఇంకోటి, నీ దారిలోంచే లోపలికి వెళ్ళు. ప్రేమకథలు నీ ఒంటికి పడకపోతే వాటితోనే ఎందుకు మొదలుపెట్టాలి, కోడలు చదువుతోంది కదా అనా? నీకు ఒక ఆలోచనని పట్టుకుని చివరిదాకా లాగే కథలంటే ఇష్టం. అయితే యండమూరి 'అభిలాష' చదువు. ఉరిశిక్ష తీసెయ్యాలని పట్టుబట్టిన లాయరు, చెయ్యని హత్యకి తనే శిక్ష వేయించుకుని, ఆఖర్లో నిర్దోషినని రుజువు చేసి, చూశారా చట్టం ఎంత తేలిగ్గా పొరపాటు పడుతుందో అని చూపిద్దామనుకుంటాడు. ఆ రుజువు చెప్పాల్సిన మనిషే చెప్పలేకపోతే? సినిమాగా 1983లోనే వచ్చింది కాబట్టి కథ నీకు కొంత తెలిసే ఉంటుంది, అయినా చదువు. పీక మీద కత్తి పెట్టినట్టు ఉండే ఆ ఏర్పాటు ఆయన మొదట్నించీ ఎలా పేర్చుకుంటూ వచ్చాడో చూడు. నీకు రావిశాస్త్రి కోర్టులు తెలుసు, ఆ కోర్టులకీ ఈ కోర్టుకీ పోలిక పెట్టకు, అక్కడ కోర్టు జీవితం, ఇక్కడ గడియారం.

హాస్యం కావాలంటే మల్లాది వెంకట కృష్ణమూర్తి, పాఠకులకి ఫొటో కూడా చూపించకుండా ఏళ్ళ తరబడి రాసినాయన. 'చంటబ్బాయి' సినిమా చూసి పడీపడీ నవ్వావు కదా చిన్నప్పుడు, అది ఆయన నవలే. లేదూ అంటే పొత్తూరి విజయలక్ష్మి గారి 'ప్రేమలేఖ', జంధ్యాల 'శ్రీవారికి ప్రేమలేఖ' దాంట్లోంచే తీశాడు, 1984లో. చిన్న పుస్తకం, ఆదివారం మధ్యాహ్నం అయిపోతుంది. డిటెక్టివ్‌లు కావాలంటే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంట్ రాజు. కథ కంటే ఆ ఇద్దరూ మాట్లాడుకునే పద్ధతి, ఆ మద్రాసు వీధులు నాకిష్టం. మధుబాబు గూఢచారి షాడో కథలు పదిహేనేళ్ళ వయసులో చదవాల్సినవి, ఇప్పుడు నీకు ఎక్కుతాయని నేను చెప్పలేను. హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళు, పాతవి చవగ్గా దొరుకుతాయి, కాకపోతే కొనే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకో, డిటెక్టివ్ నవలకి ఆఖరి పేజీ లేకపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

"వారానికి ఇన్ని పేజీలని గిలికేవాళ్ళది సాహిత్యం ఎలా అవుతుంది" అని రాశావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. 'వేయిపడగలు' విశ్వనాథ వారు ఎన్ని రోజుల్లో చెప్పారో తెలుసా నీకు, ఇరవై తొమ్మిది. ఆయన చెప్తుంటే తమ్ముడు రాసుకుంటూ పోయాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకి గడువు దగ్గరపడుతోందని. 1934 పోటీ అది, బాపిరాజు గారి 'నారాయణరావు'తో కలిపి బహుమతి పంచారు. అంత పెద్ద పుస్తకం గడువు కోసం ఉరుకుల పరుగుల మీద వచ్చిందే, దాన్ని నెత్తిన పెట్టుకుంటాం, అప్పుడు తొందర గుర్తుకురాదు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' కూడా ఆంధ్రప్రభ వీక్లీ పోటీలో గెలిచిందే, 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అదే. రంగనాయకమ్మ గారు సీరియల్స్ రాస్తూనే ఆ సీరియల్ పాఠకుల్నే ఎంత దూరం లాక్కెళ్ళారో చూడు. నువ్వు గీసుకున్న గోడ రాసినవాళ్ళు గీసుకున్నది కాదు.

అలాగని అన్నీ మింగమని చెప్పట్లేదు. హీరో చెంపదెబ్బ కొడితే హీరోయిన్‌కి అప్పుడు ప్రేమ తెలిసొచ్చే నవలలు బోలెడున్నాయి, నాకు ఇరవై ఏళ్ళప్పుడే ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది. చేతబడి నవలలు వస్తున్న రోజుల్లో ఊళ్ళల్లో నిజంగా అలాంటి అనుమానాలతో మనుషుల్ని కొట్టిన వార్తలూ వచ్చేవి, ఆ నవలలు చదివి భయపడ్డాను, ఆనందించాను, వాటి మీద కోపం కూడా వచ్చింది, మూడూ కలిసే ఉండేవి. ఇంకొన్నిటి కథలు ఇంగ్లీషు పుస్తకాల్లోంచి లేపేసినవని అప్పట్లోనే గొడవలు జరిగేవి. కోపం వచ్చిన చోట కోప్పడు, పక్కన పెన్సిల్‌తో రాసుకో కూడా, నా పుస్తకాలన్నీ అలాగే ఉంటాయి. కథలో పడ్డంత మాత్రాన బుద్ధి తాకట్టు పెట్టినట్టు కాదు.

ఒక్కటి మాత్రం చెయ్యకు. ఆ వర్ణనలు పైకి చదివి ఫ్రెండ్స్‌తో నవ్వుకోవడం. అలా చదవడం కంటే చదవకపోవడమే నయం, ఎందుకంటే వెటకారంగా చదివేవాడికి ఏ పుస్తకమూ దొరకదు, తన తెలివి మాత్రమే దొరుకుతుంది. పైగా పక్కగదిలో కోడలుపిల్ల ఉంటుంది, వాళ్ళమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న పుస్తకాలు అవి. ఆ అమ్మాయికి ఏది బాగా నచ్చిందో అడుగు, ఎందుకు నచ్చిందీ అని మాత్రం అడగకు, అలా అడిగితే ఎవరైనా సమాధానం కోసం వెతుక్కుంటారు. ఏ చోట ఆపలేకపోయావ్ అని అడుగు. ఠక్కున చెప్తుంది, ఆ చెప్పడంలోనే నీకు కావాల్సింది సగం దొరుకుతుంది.

ఇందాక చెప్పిన ఆ బైండు కొరియర్‌లో వేస్తున్నా, బుధవారానికి అందొచ్చు. అట్ట ఊడొచ్చేట్టుంది, మడిచి పట్టుకోకు, పిల్లాడి చేతికివ్వకు. అందులో ఆఖరి రెండు వారాలూ లేవు, ఆ వీక్లీలు అప్పట్లో ఎవరో పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. కోడలు సంచీలో ఆ నవల పుస్తకంగా ఉందని విన్నా, అక్కడిదాకా వచ్చాక తన దగ్గర తీసుకో, ముందే కథ చెప్పెయ్యమని మాత్రం అడక్కు.

మీ అమ్మకి బీపీ మాత్రలు టైముకి వేసుకోమని చెప్పు.

మీ పిన్ని