పాత కెమెరాలో బ్యాక్ బటన్ ఫోకస్: మా అత్త మొక్కు, నా బొటనవేలు

"పదిహేనేళ్ళు దాటిన డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. కదిలే మనుషుల మీద ఫోకస్ సరిగా పడటం లేదు. బ్యాక్ బటన్ ఫోకస్ నేర్చుకుంటే పనవుతుందా, అమ్మేసి కొత్త రకం మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కోవాలా?" అని అడిగారు.

అమ్మకండి. ముందు బొటనవేలికి పని చెప్పండి. బ్యాక్ బటన్ ఫోకస్ అంటే అదే, ఫోకస్ పనిని షటర్ నుంచి తీసేసి, కెమెరా వెనకాల బొటనవేలికి అందే బటన్‌కు ఇవ్వడం.

నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, నల్లగొండలో ఎరువుల దుకాణం నడుపుకుంటాను. నా దగ్గరున్నది కెనాన్ 40డీ. 2007లో వచ్చిన బాడీ, 10 మెగాపిక్సెళ్ళు, 9 ఫోకస్ పాయింట్లు (ఫ్రేమ్‌లో కెమెరా ఫోకస్ పట్టుకోగల చోట్లు). కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానికి 50 ఎంఎం 1.8 లెన్స్, ప్లాస్టిక్‌ది. ఇప్పుడు రెండూ కలిపి అమ్మితే వచ్చే డబ్బు మా ఇంటిల్లిపాదీ రెండుసార్లు బయట తింటే అయిపోతుంది. అందుకే యూట్యూబ్‌లో ఎవరైనా 'పాతది అమ్మి కొత్తది కొనండి' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పేవాడు మిగతా డబ్బు ఇవ్వడు కదా.

మా మేనత్తది నకిరేకల్. మోకాళ్ళ నొప్పి మనిషి. ఆ తరంలో మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు కీళ్ళ బాధలు కొత్త కాదు. నొప్పి తగ్గితే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గర మూడేళ్ళు అగ్నిగుండం తొక్కుతానని మొక్కుకుంది. మందులకు తగ్గిందో, దేవుడి దయో, మొత్తానికి తగ్గింది. మాఘమాసం జాతరకు అందరం పోయాం. ఫోటోల బాధ్యత నాది.

అక్కడ గుండాలు తెల్లవారుజామున తొక్కుతారు. అటూ ఇటూ ఫ్లడ్‌లైట్లు, మధ్యలో పొగ. నిప్పుల సెగకు అవతలి మనుషులు నీళ్ళలో నీడల్లా ఊగుతుంటారు. తాడు దగ్గర రెండో వరుసలో మోచేతులతో జాగా సంపాదించి నిలబడ్డాను. అత్త వంతు వచ్చింది. పసుపు చీర, కొంగు నడుముకు చెక్కుకుంది, చేతులు జోడించింది. నేను ఫోకస్ కోసం షటర్ సగం నొక్కాను. లెన్స్ గర్రుమంటూ ఈ చివరికీ ఆ చివరికీ తిరిగింది. పొగలో దానికేమీ దొరకలేదు. వదిలి మళ్ళీ నొక్కాను, మళ్ళీ గర్రు. అంతలో నా ముందున్న పిల్లగాడు ఫోన్ పైకెత్తాడు. లెన్స్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది, టక్కున పట్టేసుకుంది. నేను టపటపా కొట్టేశాను. అత్త ఏడెనిమిది అడుగుల్లో దాటేసింది.

కెమెరా వెనక స్క్రీన్‌లో అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. 40డీ స్క్రీన్‌తో వచ్చిన చిక్కే అది, అందులో ప్రతి ఫోటో షార్ప్‌గానే ఉంటుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే అత్త ఒక పసుపు మరక. పిల్లగాడి ఫోన్ మాత్రం ఎంత స్పష్టంగా ఉందంటే, స్క్రీన్ గార్డు మూల పగులు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ ఫోన్ స్క్రీన్‌లో, గోరంత సైజులో, నిప్పుల మీద మా అత్త! చక్కగా ఫోకస్‌లో ఉంది.

అత్తకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "గీ ఫోన్ల నేను మంచిగనే ఉన్న గదా అల్లుడా, గిదే పెద్దగ చెయ్యి" అన్నది.

ఈ ఫోన్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. దేవుడికి మొక్కడానికి వచ్చినవాడు రెండు చేతులూ ఫోన్‌కే ఇస్తే మొక్కేదెప్పుడు? పెళ్ళిళ్ళలోనూ ఇదే. తలంబ్రాల టైముకు మండపం చుట్టూ ఫోన్ల గోడ. ఆ తరువాత వీడియో ఆయన "ఇంకోసారి పోయండమ్మా, రాలేదు" అంటాడు. పంతులు గారు కూడా ఊరుకుంటున్నారు.

సరే. ఆ రాత్రే నాకు అర్థమైంది, ఒకే వేలికి రెండు పనులు అప్పజెప్పాను. ఫోకస్ పెట్టేదీ అదే, ఫోటో తీసేదీ అదే. అందుకే నొక్కిన ప్రతిసారీ కెమెరా మొదటి నుంచి వెతుకులాట మొదలుపెడుతుంది. 40డీ వెనకాల ఏఎఫ్-ఆన్ అని ఒక బటన్ ఉంటుంది. కొన్న నాటి నుంచి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. కస్టమ్ ఫంక్షన్లలో నాలుగో గుంపులో మొదటిది తెరిచి, 2 పెట్టాను. ఇక షటర్‌ది వెలుతురు కొలిచి ఫోటో తీసే పని మాత్రమే. ఫోకస్ మొత్తం బొటనవేలిది. ఇదేదో కొత్త కెమెరాల గొప్ప అనుకుంటారు గానీ, కెనాన్ వాళ్ళు 1989లోనే ఈఓఎస్ 630 అనే ఫిల్మ్ కెమెరాలో ఇచ్చారు.

మరుసటి ఏడు ముందే పోయి గుండం దిగే చివర చోటు చూసుకున్నాను. ఎవరో పెద్దాయన సరిగ్గా ఆ చివరకు వచ్చినప్పుడు ఏఎఫ్-ఆన్ నొక్కి, ఫోకస్ పడగానే వేలు తీసేశాను. అంతే, లెన్స్ అక్కడే ఆగిపోయింది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) 2.8. ఐదు మీటర్ల దూరంలో ముందూ వెనకా కలిపి మీటరు మేర షార్ప్‌గా వస్తుంది. మధ్యలో పొగ వచ్చింది, ఫోన్లు లేచాయి, వలంటీర్ ఒకాయన అడ్డం నడిచాడు. లెన్స్ కదల్లేదు. అత్త ఆ మీటరులోకి వచ్చేదాకా ఆగి నాలుగు కొట్టాను. రెండో దాంట్లో పాదం ఇంకా ఆనలేదు, కింద బూడిద లేస్తోంది, కాలి పట్టీ మీద నిప్పు ఎరుపు మెరుస్తోంది.

దానికి లెన్స్‌ను ఎంఎఫ్‌కి, అంటే చేత్తో ఫోకస్ తిప్పే పద్ధతికి, మార్చుకుంటే సరిపోయేది కదా అంటారు. మార్చుకోండి. ఈ లెన్స్‌కు ఫోకస్ రింగు ముందు అంచున సన్నగా ఉంటుంది, ఆ తోపులాటలో వేలు తగిలితే పోయినట్టే. పైగా మరుక్షణం మనవరాలు పరిగెత్తుకొస్తే మళ్ళీ స్విచ్ వెతుక్కోవాలి. నా పద్ధతిలో ఏఐ సర్వోలో (కదిలేవాటి వెంట ఫోకస్ సర్దుకుంటూ పోయే సెట్టింగ్) పెట్టి వదిలేస్తాను. బొటనవేలు నొక్కి ఉంచితే మనిషి వెంట పోతుంది, తీస్తే ఆగుతుంది. ఒక్కటే చిక్కు, ఫ్లాష్ పెట్టుకుని చీకట్లో తీసేటప్పుడు సర్వోలో ఉంటే ఫోకస్‌కు సాయం చేసే ఎర్ర లైటు వెలగదు. అప్పుడు వన్ షాట్‌కి (ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయే సెట్టింగ్) మారాలి. ఇంకా, పాత బాడీల్లో మధ్య పాయింట్‌నే నమ్ముకోండి.

మీది ఏ కంపెనీదో చెప్పలేదు. కెనాన్‌లో ఏఎఫ్-ఆన్ లేని చిన్న బాడీ అయితే నక్షత్రం (*) గుర్తు బటన్‌కు ఆ పని అప్పగించవచ్చు. నికాన్ డీ40, డీ90 లాంటివైతే ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌ను ఏఎఫ్-ఆన్‌గా మార్చుకోండి. రెండు వారాలు చిరాకు పడతారు, ఆ తరువాత వేరేలా తీయలేరు.

ఎవరికీ ఈ సెట్టింగ్‌తో కెమెరా ఇవ్వకండి. మా చెల్లె కూతురి ఓణీల ఫంక్షన్‌లో నేను కూడా ఫోటోలో ఉండాలని బావకిచ్చాను. ఆయన షటర్ నొక్కాడు, అది తీస్తూ పోయింది, ఫోకస్ ఎవరూ పెట్టలేదు. ఇరవై ఫోటోలూ పొగమంచే. "డబ్బా కెమెరా" అని నలుగురిలో తేల్చేశాడు. ఇప్పుడు ఎవరికిచ్చినా డయల్ పచ్చ డబ్బా గుర్తు మీదకు తిప్పి ఇస్తాను. అందులో కస్టమ్ ఫంక్షన్లు పనిచేయవు, షటరే ఫోకస్ చేసుకుంటుంది.

అన్నట్టు, రెండో ఏడు ఫోటో అత్తకు నచ్చలేదు. కళ్ళు మూసుకుందట. గోడకు కట్టించుకున్నది మొదటి ఏడుదే, ఫోన్‌లో ఉన్నది. మూడో మొక్కు వచ్చే మాఘంలో. ఈసారి కళ్ళు తెరిచి నడవమని చెప్పాను. "అయితే నువ్వే నిప్పుల మీద నడువు, నేను ఫోటో తీస్త" అన్నది.